తీగ తెగిన తారీకులు

బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకు, పాళెంలో ఆడవాళ్ళంతా ఇసుక మీద చేపలు ఆరేసుకునే వేళ, సుభాషిణి చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని హైదరాబాదులో ఎవరికో జరిగిన పిత్తాశయం ఆపరేషను గురించి టైపు చేస్తోంది. ఆ డాక్టరు సగం మాటలు పలికి సగం మింగేసే రకం. మింగిన సగాన్ని కూడా సరిగ్గా పట్టుకోవడమే ఆమె ఉద్యోగం. తోటపల్లి గూడూరు దాటి సముద్రం వైపు పోతే తారు రోడ్డు ఎక్కడ అయిపోతుందో అక్కడ ఉంది ఆ పాళెం. అందులో కుర్చీలో కూర్చుని జీతం తెచ్చుకునే మనిషి ఆమె ఒక్కతే. భర్త వెంకయ్య తెల్లారకముందే పడవ మీద పోతాడు. అత్త గురవమ్మ గుమ్మంలో పీట వేసుకుని, వీధిలో ఎవరైనా గొంతు పెంచితే, "మెల్లగా! లోపల డాక్టరు మాట్లాడతా ఉండాడు" అని కసురుతూ ఉంటుంది. ఆ కసురుకోవడంలో గురవమ్మకు ఎంత గర్వమో పాళెంలో అందరికీ తెలుసు, అందుకే ఎవరూ తిరిగి ఏమీ అనరు.

ఉన్నట్టుండి డాక్టరు గొంతు ఆగిపోయింది. తెర మీద పని మాయమై ఒక ఉత్తరం వచ్చింది. గడిచిన మూడు నెలల్లో ఆమె పేరుతో పదకొండు సార్లు చెన్నై నుంచి పని జరిగిందట. మచ్చుకి ఒకటి రాశారు: పది గంటల ఐదు నిమిషాలకు నెల్లూరు ప్రాంతంలో ఉన్న మనిషి పది గంటల తొమ్మిది నిమిషాలకు చెన్నైలో ఉంది. రోగుల గుట్టు ఉన్న కాగితాలను ఆమె బయటివాళ్ళ చేత చేయిస్తున్నట్టు కంపెనీ భావిస్తోంది. శనివారం మధ్యాహ్నం పన్నెండు లోపల రుజువు చూపించకపోతే ఉద్యోగం ఉండదు.

సుభాషిణి రెండుసార్లు చదివింది. మూడోసారి అత్తకు చదివి వినిపించింది.

"నాలుగు నిమిషాల్లో మద్రాసా?" గురవమ్మ ముక్కున వేలేసుకుంది. "నువ్వు నెల్లూరు పొయ్యి కూరగాయలు తేవాలంటేనే పూటంతా పడతాది గదే! ఎవురంట చెప్పింది?"

"కంప్యూటరు చెప్పిందంటత్తా."

"దానికేం తెలుసు, నువ్వు యాడ ఉండావో? ఎదురుగుండా కూర్చున్నావు, కళ్ళు కనపడవా దానికి?"

ఉత్తరం కింద ఉన్న నంబరుకు ఫోను చేస్తే కరుణాకుమారి అనే ఆవిడ పలికింది. కంపెనీలో రహస్యాలు బయటికి పోకుండా చూసే అధికారి. గొంతు కరుకే కానీ చెడ్డ గొంతు కాదు.

"నాకు మీ మీద కోపమేమీ లేదమ్మా. నెట్‌లోకి వచ్చే ప్రతి కంప్యూటరుకీ ఒక నంబరుంటుంది. ఏ నంబరు ఏ ఊరిదో చెప్పే జాబితాలుంటాయి. పదకొండు సార్లూ మీ నంబరు చెన్నైది. మీ ప్రాంతం నుంచి ఇది రెండో కేసు. ఒక్కోసారి కొందరి లెక్కలే తీసి చూస్తాం, ఈసారి మీది వచ్చింది; పోయినేడు లిల్లీ అని ఒకావిడను ఇందుకే తీసేశాం."

"నేను లిల్లీ లాంటిదాన్ని కాదు మేడం," అంది సుభాషిణి గబుక్కున.

ఫోను పెట్టేశాక ఆ మాట నోట్లో చేదుగా మిగిలింది. తోటపల్లి గూడూరు లిల్లీయే ఆమెకు ఈ పని నేర్పింది. నోరు తిరగని మందుల పేర్లన్నీ ఓపిగ్గా పలికించి, తానే పూచీ ఉండి ఉద్యోగంలో పెట్టించింది. లిల్లీని తీసేసిన రోజుల్లో ఊరు ఊరంతా ఒకటే మాట: మద్రాసులో ఉండే పినతల్లి కూతురికి పాస్‌వర్డు ఇచ్చి పని చేయించిందట, ఈమె హాయిగా జీతం తీసుకుందట. సుభాషిణి కూడా నమ్మింది. బస్టాండులో కనపడితే చూడనట్టు పక్కకు తిరిగిపోయింది.

ఇప్పుడు దాని గురించి ఆలోచించే తీరిక లేదు. నెట్ ఇచ్చేది హెబ్రోను, అడగాల్సింది అతన్నే. చీర కుచ్చిళ్ళు దోపుకుని బయలుదేరింది.

హెబ్రోను ఆఫీసుకు తాళం వేసి ఉంది. రొయ్యల గుంటల దగ్గర ఉన్నాడని పక్కన టీ అంగడి ఆయన చెప్పాడు. రెండు కిలోమీటర్లు నడిచి వెళ్తే, గుంటల ఆసామి నరేంద్రబాబు కొత్తగా తవ్విస్తున్న గుంట గట్టు మీద, గొడుగు నీడలో గోనెసంచి పరుచుకుని కూర్చుని కనిపించాడు. పొక్లెయిన్ ఎత్తిన మట్టిపెళ్ళతో పాటు కేబుల్ కూడా లేచి, రెండు ముక్కలై వేలాడుతోంది.

"వచ్చినావా చెల్లెమ్మా, రెండు నిమిషాలు ఊపిరి బిగబట్టుకో," అన్నాడు తల ఎత్తకుండా.

నల్లటి తొడుగు ఒలిచి, లోపలి గాజు పోగుల్లో ఒకదాన్ని స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచాడు. వెంట్రుక కన్నా సన్నని పోగు. చిన్న కత్తెర లాంటి దానితో దాని కొన తుంచాడు. కంటికి ఏమీ కనపడని ఆ కొనను వెలుగులో తిప్పి చూసి, నచ్చక మళ్ళీ తుంచాడు. రెండు కొనలనూ అతికే మిషనులో ఎదురెదురుగా పెడితే చిన్న తెర మీద అవి రెండు దుంగల్లా కనిపించాయి. చిటుక్కున మెరిసింది. మధ్యలో గీత కూడా లేదు. యాభై ఏళ్ళ మనిషి, చేతులు బరకగా, గోళ్ళ సందుల్లో గుంట మట్టితో ఉన్నాయి. ఆ చేతులతో అంత నాజూకు పని చేస్తుంటే సుభాషిణి తన గోడు మరిచిపోయి చూసింది. చదువుకుంటేనే పనిమంతులవుతారని ఎవరన్నారో గానీ, వాళ్ళు హెబ్రోనును చూసి ఉండరు.

"ఇరవై నాలుగు పోగులు. ఒక్కోదానికి ఒక్కో అతుకు," అంటూ ఒళ్ళో ఉన్న పొడుగాటి రిజిస్టరు తీసి రాసుకున్నాడు. తారీకు, తెగిన టైము, అతికిన టైము, తన ఆఫీసు నుంచి ఎన్ని మీటర్లో. రెండువేల నాలుగొందల పన్నెండు మీటర్లు.

"అంత కచ్చితంగా ఎట్లా తెలుస్తాదన్నా?"

"ఆఫీసులో ఒక మిషనుండాది. తీగలోకి వెలుగు పంపిస్తాది. తెగిన కాడ తగిలి ఎనక్కొస్తాది వెలుగు. పొయ్యొచ్చేదానికి ఎంత సేపైందో చూసి దూరం చెప్తాది. మనం పొయ్యి ఆడ తవ్వితే చాలు." అప్పుడు ఆమె ముఖం చూశాడు. "ఏందమ్మా, ఏడ్చినావా?"

సుభాషిణి ఫోనులో ఉత్తరం చదివింది. 'చెన్నై' అన్న మాట దగ్గర హెబ్రోను చేతిలో గుడ్డ ఆగిపోయింది. మొత్తం విని, పొక్లెయిన్ వైపు చూశాడు.

"అది నా పనే చెల్లెమ్మా," అన్నాడు. "ఈ గుంటల వాళ్ళు వారానికొకసారి తీగ తెంపుతారు. తెగినప్పుడల్లా మీకు నెట్ పోకూడదని ఇంకో దారి పెట్టినాను, కృష్ణపట్నం పక్కనించి. ఈ తీగ తెగితే మిషను దానంతట అదే ఆ దారికి మారిపోతాది. ఆ దారికి నంబర్లు మద్రాసు కంపెనీ దగ్గర తీసుకున్నా. తీగ తెగినంత సేపూ నీ కంప్యూటరుకు మద్రాసు నంబరు ఉంటాది. నువ్వు మాత్రం పాళెంలోనే ఉంటావు." కాస్త ఆగి, ఆపుకోలేనట్టు అన్నాడు: "ఏడాది దాటింది, నెట్ పోయిందని ఈ లైన్లో ఒక్కరూ నాకు ఫోను చెయ్యలేదు."

ఆ గొప్ప చెప్పుకున్నందుకు వెంటనే సిగ్గుపడ్డాడు. ఉన్న పని వదిలేసి లేవలేడు. ఇంకా పదిహేను పోగులున్నాయి. రేపు ఇంటికి వస్తానన్నాడు.

గురువారం వచ్చాడు. కరుణాకుమారితో తనే మాట్లాడి రెండో దారి సంగతి చెప్పాడు. ఆవిడ ఓపిగ్గా విని, "మీరు వాళ్ళకు నెట్ అమ్మే మనిషి. మీ మాట నేను రుజువుగా రాసుకోలేను," అంది. "ఆ కంప్యూటరు చెన్నైలో లేదని నాకు నేనుగా చూడగలగాలి."

"చూడచ్చు మేడం. నెల్లూరు కాలేజీలో ఒక కొలత డబ్బా ఉండాది, ఎవురైనా వాడుకోవచ్చు. మీరే ఆడినించి సుభాషిణమ్మ కంప్యూటరుకు కబురు పెట్టండి. తిరిగొచ్చేదానికి ఎంత సేపైతాదో చూడండి."

సుభాషిణికి అర్థం కాలేదు. హెబ్రోను గుమ్మం వైపు తిరిగాడు. "గురవమ్మత్తా, మంచు కమ్మినప్పుడు గట్టు మీద నించి పడవకు కేకేస్తారు గదా. ఎంటనే 'ఓ' అన్నారనుకో, ఏమనుకుంటారు?"

"దగ్గరే ఉండారనుకుంటాం."

"ఆలస్యంగా పలికితే? దూరం పొయినట్టేనా?"

"ఎట్లా చెప్తాం? పక్కనే ఉండి, నోట్లో వక్కాకు పెట్టుకోని పలక్కుండా ఉండచ్చు. మా ఆయన అట్లాంటోడే."

"అంతే మేడం," అన్నాడు హెబ్రోను ఫోనులో. "ఆలస్యం సాక్ష్యం కాదు. ఎంటనే పలకడమే సాక్ష్యం. వెలుగు కన్నా బిరాన ఎవురూ పోలేరు. గాజు తీగలో అది మిల్లీ సెకనుకు రెండొందల కిలోమీటర్లు పోతాది. పొయ్యి రావాల గాబట్టి, ఒక్క మిల్లీ సెకనులో జవాబొస్తే వంద కిలోమీటర్ల లోపలే ఉండాలి."

అవతల కరుణాకుమారి నవ్వు వినిపించింది. అది వేళాకోళం కాదు, తన పని తెలిసిన మనిషి ఎదురైనప్పటి సంతోషం. "అయితే నేను కేక వేస్తున్నాను," అంది. కాసేపటికి, "నాలుగు," అంది. "నాలుగంటే నాలుగొందల కిలోమీటర్లండీ. చెన్నై అందులోనే ఉంది."

 హెబ్రోను తల గోక్కున్నాడు. వైఫై తీసేసి తీగ తగిలించాడు. రెండు కన్నా కొంచెం తక్కువ వచ్చింది. అయినా నెల్లూరుకు నూట డెబ్బై కిలోమీటర్ల దూరంలోని చెన్నై ఇంకా ఆ లోపలే ఉంది.

"మధ్యలో డబ్బాలుండాయి. ముప్పై ఇళ్ళకు ఒకే పోగును పంచే డబ్బాలు. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి, అందుకే నీ వంతు వచ్చేసరికి ఆలస్యం. నీ ఇంటికి విడిగా ఒక పోగు లాక్కొస్తా, ఎవురికీ పంచకుండా," అన్నాడు. "ఇవాళ కేబుల్ తెచ్చుకుంటా. రేపు లాగుదాం."

శుక్రవారం ఆ పని జరిగింది. రోడ్డు మీది డబ్బా నుంచి పాళెం దాకా కిలోమీటరున్నర. హెబ్రోను నిచ్చెన వేసుకుని ఒక్కో స్తంభం ఎక్కి, కొక్కెం బిగించి, దిగి, నిచ్చెన భుజాన వేసుకుని తర్వాతి స్తంభానికి నడిచాడు. పదకొండు గంటలకు వేట ముగించుకుని వచ్చిన వెంకయ్య సంగతి విని, ఒంటి మీద ఉప్పు కూడా కడుక్కోకుండా కేబుల్ చుట్ట అందుకున్నాడు. అతన్ని చూసి ఇంకో నలుగురు వచ్చారు. పెద్దవల తాడు లాగే అలవాటున్న చేతులవి, ఎక్కడ బిగించాలో ఎక్కడ వదలాలో ఒకరు చెప్పక్కర్లేదు. "మెలి పడనియ్యొద్దన్నా, లోపల గాజుండాది," అని హెబ్రోను పైనుంచి అరిస్తే, చంటిబిడ్డను మోసినట్టు మోశారు. తమ పాళెం కోడల్ని ఎవరో హైదరాబాదులో కూర్చుని దొంగ అన్నారని వాళ్ళకు తెలిసింది అంతే. మిల్లీ సెకన్ల సంగతి వాళ్ళెవరూ అడగలేదు.

శనివారం పదకొండింటికి సుభాషిణి కంప్యూటరు ముందు కూర్చుంది. హెబ్రోను రోడ్డు మీది డబ్బా దగ్గర నిలబడి ఫోనులో ఉన్నాడు. కరుణాకుమారి కేక వేసింది.

"సున్నా పాయింటు ఎనిమిది," అంది. మళ్ళీ వేసింది. "ఎనిమిదే." ఇరవై సార్లు వేసింది. ఒక్కసారీ ఒకటి దాటలేదు. "ఎనభై కిలోమీటర్లు. సరే, ఈ కంప్యూటరు చెన్నైలో లేదు. ఇది ఈ రోజు సంగతి. ఆ పదకొండు రోజుల మాటేమిటి?"

"ఇప్పుడు మీరు ఆ నంబర్నే చూస్తా ఉండండి మేడం," అన్నాడు హెబ్రోను. పెద్ద తీగను చేత్తో ఊడబెరికాడు.

సుభాషిణి తెర ఒక్క క్షణం ఆగి మళ్ళీ కదిలింది. 

"చెన్నై," అంది కరుణాకుమారి నెమ్మదిగా.

హెబ్రోను తీగ పెట్టాడు. "నెల్లూరు," అందావిడ. "ఇంకొకసారి తియ్యండి." తీశాడు. "చెన్నై." పెట్టాడు. అలా మూడుసార్లు, కుర్చీలోంచి లేవకుండానే సుభాషిణి మద్రాసు వెళ్ళి వచ్చింది. గుమ్మంలో గురవమ్మ నవ్వు ఆపుకోలేక చెంగు నోట్లో కుక్కుకుంది.

ఆ తర్వాత కరుణాకుమారి పదకొండు తారీకులూ ఒక్కొక్కటిగా అడిగింది. హెబ్రోను తన రిజిస్టరులోంచి తీగ తెగిన టైమూ అతికిన టైమూ చెప్పాడు. పదకొండూ సరిపోయాయి. పన్నెండుకు ఇరవై నిమిషాలుంది.

"సుభాషిణి గారూ, మీ ఉద్యోగం మీదే. నేను మీకు క్షమాపణ చెప్పాలి, రాతలో కూడా పంపిస్తాను," అంది కరుణాకుమారి. "హెబ్రోను గారూ, ఇరవై ఏళ్ళుగా ఈ పనిలో ఉన్నాను. తెగిన ప్రతి తీగకూ నిమిషాలతో సహా లెక్క రాసుకునే మనిషిని చూడటం ఇదే మొదటిసారి."

సుభాషిణికి ఒళ్ళంతా తేలికైపోయింది. హెబ్రోను ఇంటికి రాగానే గురవమ్మ వంజరం చేప ముక్కలు వేయించి, వేడి అన్నం పెట్టింది. అతను రెండు ముద్దలు తిని ఆగిపోయాడు. ఎడమచేత్తో రిజిస్టరు వెనక్కి తిప్పుతున్నాడు.

"లిల్లీని తీసేసింది ఏ నెల?"

సుభాషిణికి ఆ ప్రశ్న ఎటు పోతోందో వెంటనే అర్థమైంది. "పోయినేడు ఆగస్టు," అంది మెల్లగా.

"రెండో దారి పెట్టింది ఆ యేడు జూన్లో." వేలితో పేజీ మీద కిందికి వచ్చాడు. "జూన్ ఆఖర్నించి ఆగస్టు మొదటి దాకా ఏడు సార్లు తెగింది. ఆమె ఇల్లు కూడా ఈ లైన్లోనే." పళ్ళెం పక్కకు జరిపాడు. "మా ఏసు గుళ్ళో నేను మైకు సరిచేస్తా ఉంటే, ఆమె ఎనక వరసలో ఒక్కతే కూర్చోని ఉంటాది. నేనూ అనుకున్నా చెల్లెమ్మా, ఎందుకు చేసిందో అట్లాంటి పని అని. చేసింది నేను. నెట్ పోలేదని విర్రవీగింది నేను."

"నేను ఆ మేడంతో, లిల్లీ లాంటిదాన్ని కాదని చెప్పినా," అంది సుభాషిణి. చెప్పేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

హెబ్రోను చెయ్యి కడుక్కుని అక్కడే కరుణాకుమారికి మళ్ళీ ఫోను చేశాడు. ఆవిడ అంతా వింది. "ఆ ఫైలు మూసింది నేనే. రిజిస్టరు పేజీలు ఫోటో తీసి పంపండి. తెరవాల్సింది కూడా నేనే," అంది.

సాయంత్రం ఇద్దరూ తోటపల్లి గూడూరు వెళ్ళారు. లిల్లీ అప్పుడే రొయ్యలు ఒలిచే షెడ్డు నుంచి వచ్చి మెట్టు మీద కూర్చుని ఉంది. రోజంతా ఐసులో నాని వేళ్ళ చివరలు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. వాటిని ఒళ్ళో పెట్టుకుని ఒక్కోటీ నొక్కుకుంటోంది. సుభాషిణిని చూసి లేవలేదు.

హెబ్రోను నిలబడే అంతా చెప్పాడు. తీగ, రెండో దారి, నంబర్లు, రిజిస్టరు. ఎక్కడా తనను తాను వెనకేసుకు రాలేదు. సుభాషిణి ఆ రోజు ఫోనులో తను అన్న మాటా చెప్పింది. లిల్లీ వింటూ వేళ్ళు నొక్కుకుంటూనే ఉంది.

"నాకు మద్రాసులో పిన్నమ్మ కూతురు లేదు సుభా," అంది చివరికి. "నీకు తెలుసు. మా పిన్నమ్మకు పిల్లలే లేరు. మా ఇంట్లో అన్నం తిన్నప్పుడు నీకు చెప్పినా గూడా."

నిజమే, చెప్పింది. సుభాషిణికి ఇప్పుడు గుర్తొచ్చింది. 

"కంపెనీకి రాసినారు గదా, మంచిదే," అంది లిల్లీ హెబ్రోనుతో. "వాళ్ళు తీసుకుంటే తీసుకుంటారు. నన్ను ఆ పని పోయిన దానికన్నా గుళ్ళో ఒక్కదాన్నే కూర్చోవాల్సొచ్చిందే ఎక్కువ నలిపేసిందన్నా. పుష్పకుమారక్క నా చిన్నప్పటి నించి నా పక్కనే కూర్చునేది. లేచి ముందు వరసకు పోయింది. రేపు సాక్ష్యాలప్పుడు నువ్వు లేచి చెప్పు."

 పాటల తర్వాత ఎవరికి వాళ్ళు లేచి, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెప్పుకునే వేళ అది. ఇరవై ఏళ్ళుగా ఆ మైకు సరిచేస్తున్నవాడు ఒక్కసారి కూడా దాని ముందు నిలబడలేదు. సొంత పెళ్ళిలో కూడా తలూపి ఊరుకున్న మనిషి.

"చెప్తానమ్మా," అన్నాడు.

ఆదివారం సుభాషిణి అత్తను వెంటబెట్టుకుని వెళ్ళింది. ఇద్దరికీ ఆ గుడి కొత్త. చెప్పులు ఎక్కడ విడవాలో ఒక ముసలామె చూపించింది. ఆడవాళ్ళ వైపు చివర చాప మీద లిల్లీ కూర్చుని ఉంటే, వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నారు. లిల్లీ కొంచెం జరిగి చోటిచ్చింది.

పాటలయ్యాయి. ఒకామె బిడ్డ జ్వరం తగ్గిన సంగతి చెప్పింది. అందరూ స్తోత్రం అన్నారు. అప్పుడు హెబ్రోను రిజిస్టరు చంకన పెట్టుకుని మైకు ముందుకు వచ్చాడు.  మైకు మీద వేలితో తట్టి చూశాడు, అది తెలిసిన పని గనక.

"నేను చెప్పేది మేలు కాదు, నేను చేసిన కీడు," అన్నాడు. రొయ్యల గుంటలు, తెగిన తీగ, మద్రాసు నంబర్లు, అన్నీ పొడి మాటల్లో చెప్పాడు. "లిల్లీ ఎవురికీ ఏమీ ఇయ్యలేదు. ఈ ఊరు దాటి పోలేదు. అబద్ధం చెప్పింది నా మిషను. ఆ తారీకులు నా కాడ ఉండాయి, చదువుతా." కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. "జూన్ ఇరవై ఏడు, పదీ ఇరవైకి తెగింది."

లిల్లీ బైబిలులోంచి మడత పెట్టిన కాగితం తీసింది. కంపెనీ ఆమెను తీసేసిన ఉత్తరం. మడతల దగ్గర నలిగి చిరిగిపోయేలా ఉంది. వేలు పెట్టి చూసుకుని, అందరికీ వినపడేలా, "ఉంది," అంది.

తలలన్నీ వెనక్కి తిరిగాయి.

"జూలై మూడు, పదకొండూ ఐదు."

"ఉంది."

"జూలై తొమ్మిది, మధ్యాన్నం రెండూ నలభై."

"ఉంది."

స్తోత్రం అనాలో వద్దో తెలియక జనం ఊరుకున్నారు. ఫ్యానుల చప్పుడు, హెబ్రోను గొంతు, లిల్లీ గొంతు తప్ప ఏమీ లేదు. నాలుగోది, ఐదోది, ఆరోది చదివాడు. ఒక్కో తారీకుకూ లిల్లీ గొంతు సన్నగిల్లుతోంది. సుభాషిణి ఆమె మోచెయ్యి పట్టుకుంది. లిల్లీ విడిపించుకోలేదు.

"ఆగస్టు రెండు, పొద్దున తొమ్మిదీ యాభై."

జవాబు రాలేదు. లిల్లీ కాగితం మీదికి వంగిపోయింది, భుజాలు కదులుతున్నాయి. హెబ్రోను కళ్ళద్దాల మీంచి చూస్తూ నిలబడ్డాడు. మళ్ళీ చదవాలో ఆగాలో అతనికి తెలియలేదు.

ముందు వరసలోంచి పుష్పకుమారి లేచింది. అరవై ఏళ్ళ మనిషి, మోకాళ్ళ నొప్పులతో కూర్చున్న వాళ్ళ భుజాలు పట్టుకుంటూ వెనక దాకా వచ్చింది. లిల్లీ పక్కన చతికిలబడి, ఆమె చేతిలో కాగితాన్ని తన వైపు తిప్పుకుని, వేలితో వెతికింది.

"ఉంది," అంది గట్టిగా.

ఆ తర్వాత పాస్టరు గారు ప్రసంగం మొదలుపెట్టేదాకా పుష్పకుమారి అక్కడి నుంచి లేవలేదు. ప్రసంగం అయ్యాక కూడా లేవలేదు.